చలనచిత్ర సీమలో తెలుగు వనితలు

ఢిల్లీ నగరపు తూర్పు అంచున, ఘజియాబాదు జిల్లాలో, తెలుగు ఉద్యోగుల కుటుంబములు నివసించు వైశాలి పేరు వినినంతనే బీహారు దేశపు ప్రాచీన వైశాలీ నగరము స్ఫురించును. ఆ నగరమును తలచినపుడు ఇద్దరు స్త్రీలు జ్ఞప్తికి వత్తురు. ఒకరు, నాట్యగానములచే నగరమునకెల్ల శోభ కూర్చిన ఆమ్రపాలి. రెండవవారు, బుద్ధుని పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి. భిక్షుసంఘమున స్త్రీలకు ప్రవేశము కోరి, కపిలవస్తువున అనుమతి లభింపక, ఆమె కాలినడకన వైశాలికి వచ్చి విహారద్వారము వెలుపల నిలిచెననియు, ఆనందుడు ఆమె పక్షమున మాటలాడిన పిమ్మట ఎనిమిది నియమములతో ప్రవేశము లభించెననియు బౌద్ధ గ్రంథములు చెప్పుచున్నవి. లోకము ఆమ్రపాలి కళను మెచ్చినది. గౌతమి తన స్థానమును అడిగి తెచ్చుకొనినది. మెప్పు వేరు, స్థానము వేరు. తెలుగు చలనచిత్ర పరిశ్రమలో స్త్రీల చరిత్ర ఈ రెంటి నడుమ సాగిన సుదీర్ఘ ప్రయాణము.

చలనచిత్రమునకు ముందు నాటకరంగము. ఆంధ్రదేశమున నాటక సమాజములు వర్ధిల్లిన తొలి దశకములలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. సత్యభామ పాత్రకు ప్రాణము పోసిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ లభించినది. కుటుంబ స్త్రీ రంగస్థలమెక్కుట మర్యాద కాదని నాటి పెద్దల అభిప్రాయము. ఆడిపాడి జీవించు కులముల స్త్రీల కళను ఆనందించిన సంఘమే వారికి గౌరవమీయక దూరముగా నుంచినది. ఇట్టి కాలముననే, 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’తో ఆరంభించిన నాటక సమాజము వేరొక మార్గము చూపినది. అందు భర్త నటుడు, భార్య నటి, బిడ్డలు బాలపాత్రధారులు. ఇల్లే సమాజము, సమాజమే ఇల్లు. స్త్రీ నటించుట ఆ కుటుంబములలో వింత కాదు. అది వారి ఇంటి వృత్తి.

అందుచేతనే తెలుగు మాటలాడు చిత్రమునకు కథానాయిక కావలసి వచ్చినపుడు సురభి కుటుంబముననే ఆమె లభించినది. హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున బొంబాయిలో నిర్మింపబడి 1932 ఫిబ్రవరి 6న విడుదలయైన ‘భక్త ప్రహ్లాద’లో సురభి కమలాబాయి లీలావతి పాత్ర ధరించిరి. పురుషుడు స్త్రీ వేషము వేయుట దూరమునుండి చూచు ప్రేక్షకునికి చెల్లినది. ముఖమును నిలువెత్తు తెరపై చూపు కెమెరా ముందు అది నిలువలేదు. కంఠధ్వని కూడ తోడైన పిమ్మట మొదలే చెల్లలేదు. కావున తెరపై స్త్రీకి లభించిన చోటు సంస్కర్తల వాదము వలన కంటె యంత్రపు అవసరము వలన లభించినదనుట సత్యము. మొదటి ద్వారము ఈ విధముగా తెరువబడినది.

కాని ఆ ద్వారమున ప్రవేశించుట సులభము కాదు. నాడు తెలుగు చిత్రములు బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో తయారగుచుండెను. పదునాలుగేండ్ల బాలికను పంపవలెనన్న తల్లిదండ్రులు భయపడుట సహజము. 1939లో చిత్తజల్లు పుల్లయ్యగారి ‘వరవిక్రయము’లో నటించుటకు భానుమతి కలకత్తా వెళ్ళినపుడు ఆమె తండ్రి వెంకటసుబ్బయ్యగారు, నాయకపాత్రధారి తన కుమార్తెను తాకరాదని నియమము పెట్టిరని ప్రసిద్ధి. వరకట్నమును ఖండించు కథలో నటించుచున్న బాలిక గౌరవమును కాపాడుటకు తండ్రికి తోచిన ఉపాయము అదియే. చట్టము లేదు, సంఘము లేదు, వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఆచారమూ అరుదే. ఉన్నది తండ్రి కాపలా.

రెండవ ద్వారము తెర వెనుకది. అచట కథ నిర్ణయించువారు, ధనము వెచ్చించువారు, దర్శకత్వము వహించువారు ఉందురు. ఆ ద్వారమును తెరచిన తొలివారిలో సి. కృష్ణవేణి ముఖ్యులు. పశ్చిమ గోదావరి మండలపు పంగిడిలో 1924లో జన్మించి, బాల్యముననే నటియై, పిదప మీర్జాపురం రాజావారి సహధర్మచారిణియై, ఆమె తన కుమార్తె పేరు మీదుగా ఎం.ఆర్.ఎ. ప్రొడక్షన్సు సంస్థను స్థాపించి 1949లో ‘మనదేశం’ నిర్మించిరి. శరత్ బాబు ‘విప్రదాస్’ నవలకు ఆ కథ ఋణపడియున్నది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు, ఘంటసాల సంగీత దర్శకుడు, కథానాయిక కృష్ణవేణియే. ఒక చిన్న పోలీసు అధికారి పాత్రలో నందమూరి తారక రామారావుగారు తొలిసారి తెరపై కనిపించినది ఈ చిత్రముననే. మహానటుని పరిచయము చేసిన చిత్రమని దీనిని అందరును స్మరింతురు. దానిని నిర్మించినది ఒక స్త్రీ అనుట మాత్రము చాల మందికి తెలియదు. ఆమె 2025 ఫిబ్రవరి 16న, నూరేండ్లు నిండిన పిదప, దివంగతులైరి.

భానుమతి మరియొక అడుగు ముందుకు వేసిరి. 1943లో పి.ఎస్. రామకృష్ణారావుగారిని వివాహమాడి, కుమారుడు భరణి పేర సంస్థను స్థాపించి, 1953లో ‘చండీరాణి’ చిత్రమునకు స్వయముగా దర్శకత్వము వహించిరి. తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటను అది నిర్మింపబడినది. అందు ద్విపాత్రాభినయము, పాట, దర్శకత్వము అన్నియు ఆమెవే. తెలుగు చిత్రమునకు దర్శకురాలైన తొలి స్త్రీ ఆమెయే. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణము ఆమెకు లభించినవి. ‘అత్తగారి కథలు’ రచించిన హస్తమే కెమెరా ముందును వెనుకను అధికారము చెలాయించినది.

1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించినపుడు నిర్మాత వీరమాచనేని సరోజిని, సంగీత దర్శకురాలు పి. లీల. ముఖ్య శాఖలన్నియు స్త్రీలకే అప్పగించి చిత్రము తీయవచ్చునని నిరూపించుట వారి సంకల్పము. తరువాత స్వంత చిత్రనిర్మాణమున సావిత్రి ఆస్తిని పోగొట్టుకొని, 1981 డిసెంబరు 26న మరణించిరి. ఆమె కష్టములనే లోకము కథగా చెప్పుకొనుచున్నది. ఆమె దర్శకురాలని చెప్పువారు తక్కువ. ‘మీనా’తో 1973లో తెలుగున దర్శకురాలైన విజయనిర్మల మాత్రము ఆగలేదు. 44 చిత్రములకు దర్శకత్వము వహించి, ప్రపంచమున అత్యధిక చిత్రములు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ గ్రంథమున స్థానము పొందిరి.

ఇచట ఒక విషయము గమనింపదగినది. కృష్ణవేణికి స్టూడియో గల కుటుంబము కలదు. భానుమతికి భర్త దర్శకుడు, స్వంత సంస్థ కలదు. సావిత్రి, విజయనిర్మల అప్పటికే పేరుగాంచిన తారలు. ధనమో, కీర్తియో, కుటుంబ బలమో లేని స్త్రీకి రెండవ ద్వారము తెరచుకొనలేదు. చిత్రపరిశ్రమ అనగా తారలు మాత్రమే కారు. గుంపు దృశ్యములలో నిలుచు జూనియర్ ఆర్టిస్టులు, నాట్య బృందములు, కేశాలంకరణ చేయువారు, దుస్తులు సవరించువారు, పరుల పెదవులకు తమ గొంతునిచ్చు డబ్బింగ్ కళాకారిణులు, వీరందరును కూలి ఆడినదాకనే జీవనము గలవారు. వీరి కొరకు తెరువవలసినది మూడవ ద్వారము. అది సాధారణ వృత్తి హక్కు.

ఆ ద్వారమునకు ఢిల్లీతో సంబంధము కలదు. 1981లో పార్లమెంటు సినీ కార్మికుల ఉద్యోగ నియంత్రణ చట్టమును చేసి, నిర్మాతకును కార్మికునకును నడుమ వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉండవలెనని విధించినది. ఐనను, హిందీ చిత్రసీమలో రూపశిల్పుల సంఘము దశాబ్దములుగా స్త్రీలకు మేకప్ కళాకారుల సభ్యత్వము నిరాకరించుచు, వారిని కేశాలంకరణకే పరిమితము చేసినది. స్త్రీలు వచ్చినచో పురుషుల జీవనము పోవునని వారి వాదము. ముఖమునకు రంగు పూయు విద్యలో స్త్రీకి చోటు లేదనుట వినుటకే విడ్డూరము. చారు ఖురానా అను కళాకారిణి సుప్రీంకోర్టును ఆశ్రయింపగా, 2014 నవంబరు 10న న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, ఉదయ్ లలిత్ ఆ నియమము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసిరి. ‘చండీరాణి’ వచ్చిన 61 సంవత్సరములకు గాని ఒక స్త్రీ మేకప్ పెట్టె చేపట్టి నిర్భయముగా పని చేయు హక్కు నిశ్చయము కాలేదు.

దూరదర్శన చరిత్ర కొంత భిన్నము. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమై, 1965లో దినదిన ప్రసారముగా మారినపుడు ఆ తెరపై వార్తలు చదివిన తొలి వ్యక్తులలో ప్రతిమా పురి ప్రసిద్ధురాలు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము ప్రారంభమైనది. 1990ల దశకమున అచట ప్రసారమైన ‘ఋతురాగాలు’ ధారావాహిక యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారముగా మంజులా నాయుడు దర్శకత్వమున వచ్చి ఇంటింట ఆదరణ పొందినది. రచయిత్రి కథ, దర్శకురాలి చేయి, ప్రేక్షకులలో అధికభాగము గృహిణులు. ప్రభుత్వ శాఖలో నియామకపు ఉత్తరువు కలదు, శ్రేణి కలదు, సెలవు కలదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి 2008 నుండి 180 దినముల ప్రసూతి సెలవు, 730 దినముల శిశుసంరక్షణ సెలవు లభించుచున్నవి. దినవేతనముపై పని చేయు స్త్రీకి, బిడ్డ పుట్టిన నెలలో పిలుపు ఆగిపోవుటయే సెలవు.

భద్రత విషయమును చూడుడు. కార్యస్థానమున లైంగిక వేధింపుల నివారణ చట్టము 2013లో వచ్చినది. కేరళలో 2017లో నియమింపబడిన జస్టిస్ హేమ సంఘము 2019లో సమర్పించిన నివేదిక 2024 ఆగస్టు 19న గాని వెలుగు చూడలేదు. తెలుగు చిత్రసీమ విషయమై తెలంగాణ ప్రభుత్వము 2019లో సంఘమును నియమించినది. దాని నివేదికను ప్రకటింపవలెనని 2024లో నటి సమంత బహిరంగముగా కోరిరి. భానుమతి తండ్రి నోటిమాటగా పెట్టిన నియమమునకును, పార్లమెంటు చేసిన చట్టమునకును నడుమ 74 సంవత్సరములు గడచినవి. ఒకటి ఒక కూతురిని మాత్రమే కాపాడినది. రెండవది ప్రతి కూతురిని కాపాడవలసినది, అమలు జరిగినచో.

నేడు నందినీ రెడ్డి, విజయవాడ ఆడపడుచు సుధా కొంగర వంటి దర్శకురాండ్రు తమ విద్య బలముననే నిలిచియున్నారు. వైశాలికి సమీపమున నోయిడా 16ఎ విభాగపు ఫిల్ం సిటీలోని వార్తా కేంద్రములలో ఎందరో యువతులు కెమెరా ముందును వెనుకను పని చేయుచున్నారు. మన బిడ్డలలో ఎవరైన ఆ వృత్తిని కోరినపుడు, అది మర్యాద గల వృత్తియా యని అడుగుట మన పెద్దల నాటి ప్రశ్న. నియామకపత్రము, జీతము, పనిగంటలు, ఫిర్యాదు వినువారు కలరా యని అడుగుట నేటి ప్రశ్న. ప్రభుత్వ కొలువున జీవించు కుటుంబములకు ఈ ప్రశ్న విలువ ఒకరు చెప్పనక్కరలేదు.