కోర్లు పెరిగాయి సరే, బొమ్మ సంగతేంటి?

2004 దాకా ప్రోగ్రామర్ల బతుకు హాయిగా ఉండేది. మన ప్రోగ్రాం నత్తలా నడిస్తే రెండేళ్ళు ఓపిక పడితే చాలు, కొత్త చిప్పు వచ్చి దాన్నే పరిగెత్తించేది. ఆ ఏడాది మేలో ఇంటెల్ తేజస్ చిప్పుని మధ్యలోనే వదిలేసింది. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కూడా అటకెక్కింది. వేగం పెంచితే వేడి తట్టుకోవడం కష్టమైపోయింది మరి. 2005లో పెంటియం డి రెండు కోర్లతో దిగింది. ఉచిత భోజనం అయిపోయిందని హెర్బ్ సట్టర్ వ్యాసం రాసింది కూడా అప్పుడే.

డేటాని బొమ్మలుగా చూపించేవాళ్ళకి మాత్రం ఇది పండగే అనిపిస్తుంది. 4కె తెరంటే 3840 × 2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు. రే ట్రేసింగ్‌లాంటి పద్ధతుల్లో ఒక పిక్సెల్ రంగు లెక్క పక్కదాని కోసం ఆగక్కర్లేదు. తెరని పట్టీలుగా కోసి, 1997లో వచ్చిన ఓపెన్‌ఎంపీతో లూప్ మీద ఒక్క లైను పెడితే కోర్లు పంచుకుంటాయి. తీరా చూస్తే ఒక పట్టీలో అంతా ఖాళీ, ఇంకోదాంట్లో డేటా కిక్కిరిసి ఉంటుంది. ఒక కోరు చెమటోడుస్తుంటే మిగతావి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాయి :) అందుకే చిన్న చిన్న ముక్కలు చేసి, ఖాళీ అయిన కోరుకి తర్వాతి ముక్క ఇవ్వాలి.

అయినా ఫైలు చదవడంలాంటి పనులు ఒక్క కోరు మీదే మిగిలిపోతుంటాయి. అలాంటి పని 5 శాతం ఉందనుకోండి, 8 కోర్లతో వేగం 6 రెట్లు కూడా దాటదు. వెయ్యి కోర్లు పెట్టినా 20 రెట్లు అందదు. ఇది ఆమ్డాల్ సూత్రం. తమాషా ఏంటంటే, 1967లో జీన్ ఆమ్డాల్ ఈ వాదన తెచ్చింది ఒంటరి ప్రాసెసర్‌ని వెనకేసుకురావడానికి!