బలహీన ఎనామిల్‌కు ఫిల్లింగ్ అతికించడం: చరిత్ర

పంటికి పైకప్పుగా ఉండే ఎనామిల్ మనిషి దేహంలోకెల్లా గట్టి పదార్థం. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, మిగిలినది నీరు, కొద్దిపాటి ప్రొటీన్. చిన్నతనంలో, దవడ ఎముక లోపల పన్ను తయారయ్యే దశలోనే ఈ పొర సరిగా గట్టిపడకపోతే, చిగురు చీల్చుకుని పైకి వచ్చేనాటికే అది బలహీనంగా ఉంటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే గారపళ్లు (ఫ్లోరోసిస్), ఆరేళ్ల వయసులో వచ్చే దవడ పళ్లను, ముందు పళ్లను పట్టే ఎంఐహెచ్, వంశపారంపర్యంగా వచ్చే అమెలోజెనెసిస్ ఇంపర్ఫెక్టా ఈ కోవలోని ముఖ్య లోపాలు. ఇలాంటి పంటికి పెట్టిన సిమెంటు తొందరగా ఊడిపోతుంది, లేదా దాని అంచున ఎనామిలే పెచ్చులుగా రాలిపోతుంది. ఈ చిక్కును తీర్చడానికి శతాబ్దానికి పైగా సాగిన ప్రయత్నంలో తొలి సగం, మంచి పంటికి ఫిల్లింగ్ అతికించడం ఎలాగో తెలుసుకోవడంలోనే గడిచింది.

అతుకు లేని రోజులు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫిల్లింగ్ పంటికి అంటుకునేది కాదు, అందులో ఇరుక్కుని నిలిచేది. అమెరికన్ దంతవైద్యుడు జి.వి. బ్లాక్ 1908లో వెలువరించిన గ్రంథంలో, పుచ్చిన భాగాన్ని ఏ ఆకారంలో తొలవాలో నియమాలు పెట్టాడు. గుంట లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటే, అందులో కూరిన అమాల్గమ్ గట్టిపడ్డాక బయటికి రాదు. ఆ పట్టు కోసం, పుచ్చు చిన్నదే అయినా చుట్టూ ఉన్న ఆరోగ్యమైన పంటిని కూడా తీసేయాల్సి వచ్చేది.

ఇదే బ్లాక్ చేతుల మీదుగా బలహీన ఎనామిల్ అధ్యయనం కూడా ఊపందుకుంది. కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే యువ డెంటిస్టు, ఆ ఊళ్లో పుట్టి పెరిగినవారి పళ్లపై గోధుమరంగు మచ్చలు గమనించాడు. అతని పిలుపుపై బ్లాక్ 1909లో అక్కడికి వెళ్లాడు. వారి పరిశోధన 1916లో అచ్చయ్యే సమయానికి బ్లాక్ బతికి లేడు. మచ్చలకు కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్ తేల్చాడు. ఫిల్లింగ్ నియమాలు రాసిన మనిషే గారపట్టిన ఎనామిల్‌నూ పరిశీలించినా, ఆ రెండు విద్యలూ కలుసుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

తెలుగు నేలపై ఫ్లోరోసిస్ శాస్త్రీయంగా నమోదైంది 1937లో. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా వాసుల్లో ఈ వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు వివరించారు. వాళ్లు చూసిన ప్రాంతంలో కొంత తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ రాసిన పత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

ఆమ్లంతో మొదలైన మార్పు

సరిగ్గా అదే 1955లో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీకి చెందిన మైకేల్ బ్యూనోకోర్ ఒక చిన్న పత్రం ప్రచురించాడు. రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో లోహానికి ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. పంటిపైనా ఇదే పని చేస్తే ఏమవుతుందన్నది అతని ప్రశ్న. ముందు పంటిపై 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 30 సెకన్ల పాటు పూసి, కడిగి, ఆరబెట్టి, దానిపై యాక్రిలిక్ చుక్క పెట్టాడు. ఆమ్లం తగలని పంటిపై చుక్క కొన్ని గంటల్లోనే ఊడిపోతే, ఆమ్లం పూసిన చోట వెయ్యి గంటలకు పైగా నిలిచింది. దంతవైద్యంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద మార్పు తెచ్చిన ప్రయోగం మరొకటి కనిపించదు.

అతుకు ఎందుకు పట్టిందో తర్వాతి పదిహేనేళ్లలో తేటపడింది. ఎనామిల్ సన్నని ఖనిజ కడ్డీల కట్ట. ఆమ్లం ఆ కడ్డీల నడిబొడ్డునో, అంచులనో ఎక్కువగా కరిగించి, కంటికి కనబడని గుంతలు చేస్తుంది. పల్చటి రెజిన్ వాటిలోకి దిగి, గట్టిపడి, వేళ్లలా పట్టుకుంటుంది. ఈ వేళ్లను 1960ల చివర్లో గ్విన్నెట్, మాట్సుయి, బ్యూనోకోర్ సూక్ష్మదర్శినిలో చూపించారు. 1970ల మధ్యలో సిల్వర్‌స్టోన్ ఆమ్లం చేసే గుంతలను మూడు రకాలుగా విడదీసి, 30 నుంచి 50 శాతం గాఢత మేలని చెప్పాడు. నేటి డెంటిస్టు సిరంజిలోని నీలిరంగు జెల్ సాధారణంగా 37 శాతం. ఈలోగా అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రఫాయెల్ బోవెన్ తయారుచేసిన బిస్-జీఎంఏ రెజిన్‌కు 1962లో పేటెంట్ వచ్చింది. పంటి రంగు కాంపోజిట్‌లన్నిటికీ అది పునాది. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది. ఆ లాగుడును తట్టుకోవలసినది అతుకే. మంచి ఎనామిల్ దాన్ని తట్టుకుంటుంది.

మరో దారి లండన్‌లో తెరుచుకుంది. ప్రభుత్వ రసాయనశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ 1960ల చివర్లో గ్లాస్ అయనోమర్ సిమెంటును రూపొందించారు. ఆమ్లంతో గుంతలు చేయకుండానే అది పంటిలోని కాల్షియంతో రసాయనికంగా ముడిపడుతుంది, నెమ్మదిగా ఫ్లోరైడ్‌ను వదులుతుంది. నమలడానికి కాంపోజిట్ అంత బలం లేకపోయినా, బలహీన ఎనామిల్ ఉన్న పిల్లల పళ్లకు తాత్కాలిక కాపుగా ఇప్పటికీ నమ్మకమైనది.

గారపంటి దగ్గర తేడా

అతుకు బలాన్ని కొలిచే ప్రయోగాలు ఎక్కువగా మనుషుల నుంచి పీకేసిన ఆరోగ్యమైన పళ్లపైనా, ఆవుల పళ్లపైనా జరిగాయి. ఫ్లోరోసిస్ పన్ను వాటిలా ప్రవర్తించదు. దాని పై పొరలో ఫ్లోరైడ్ ఎక్కువ చేరి ఆమ్లానికి లొంగదు. దాని కింద మాత్రం ఖనిజం తక్కువై గుల్లగా ఉంటుంది. మామూలు సమయం ఆమ్లం పెడితే గుంతలు సరిగా పడవు. అందుకే సమయాన్ని రెట్టింపు చేయడం, లేదా ఆమ్లానికి ముందు పై పొరను బర్‌తో పల్చగా అరగదీయడం అలవాటులోకి వచ్చాయి. లోపం స్వల్పంగా ఉంటే తేడా అంతగా కనిపించదు. తీవ్రంగా ఉన్నప్పుడు ఎక్కువసేపు ఆమ్లం పెడితే కింది గుల్ల పొర మరింత దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకే నియమం అందరికీ వర్తించదన్నది ఇక్కడే తేలింది.

జపాన్‌లో 1970ల చివర నుంచి ఫుసయామా, నకబయాషి చూపిన మార్గం ఎనామిల్ కింద ఉండే డెంటిన్‌కూ అతుకును విస్తరించింది. కడగనక్కరలేని సెల్ఫ్-ఎచ్ అంటులు వచ్చాయి, 2011లో త్రీఎం కంపెనీ తొలి యూనివర్సల్ అంటును అమ్మకానికి తెచ్చింది. ఇవి డెంటిస్టు పని తగ్గించాయన్నది నిజమే. అయితే వీటిలోని తేలిక ఆమ్లం గారపట్టిన పై పొరను చాలినంతగా కొరకలేదు. అందువల్ల ఎనామిల్ అంచులకు మాత్రం విడిగా ఫాస్ఫారిక్ ఆమ్లం పెట్టి, ఆ తర్వాత ఈ అంటు పూయడం మేలైన పద్ధతిగా నిలిచింది.

పంటి లోపలే తెగే అతుకు

ఎంఐహెచ్ అనే పేరు 2001లో స్థిరపడింది, కానీ ఆ లక్షణాలను 1987లోనే స్వీడన్ పరిశోధకులు పిల్లల్లో వివరించారు. ఇక్కడి ఇబ్బంది ఫ్లోరోసిస్‌కు భిన్నం. ఈ ఎనామిల్‌లో ఖనిజం తక్కువ, ప్రొటీన్ మామూలు కన్నా చాలా ఎక్కువ. ఆమ్లం ఖనిజాన్ని కరిగిస్తుంది కానీ ప్రొటీన్‌ను తీయలేదు. మెల్‌బోర్న్ పరిశోధకులు 2006లో ప్రచురించిన పరీక్షల్లో ఈ ఎనామిల్‌పై అతుకు మామూలు ఎనామిల్ మీద కన్నా తక్కువ బలంగా ఉంది. చాలాసార్లు అతుకు వద్ద కాక ఎనామిల్ లోపలే పగులు వచ్చింది. అంటును ఎంత మెరుగుపరిచినా, అది పట్టుకున్న గోడే కూలితే లాభం లేదు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన గుర్తింపు ఇదే. పరిశోధన అంటు నుంచి పంటి వైపుకు మళ్లింది.

ఆ మళ్లింపుకు బీజం 1994లోనే పడింది. అమెలోజెనెసిస్ ఇంపర్ఫెక్టా ఉన్న ఒక రోగిలో వెనెజీ, ఆయన సహచరులు ఆమ్లంతో పాటు 5 శాతం సోడియం హైపోక్లోరైట్‌ను ఒక నిమిషం వాడి, అడ్డుపడే ప్రొటీన్‌ను తొలగించారు. తర్వాత ఎంఐహెచ్ పళ్లకూ దీన్ని ప్రయత్నించారు. కొన్ని అధ్యయనాల్లో బలం పెరిగింది, కొన్నిటిలో పెరగలేదు. 2009లో జర్మనీ నుంచి రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ వచ్చింది. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పై పొరను తెరిచి, చాలా పల్చటి రెజిన్‌ను గుల్ల ఎనామిల్ లోపలికి పీల్చుకోనిచ్చి, గోడను లోపలి నుంచి గట్టిపరచడం దాని ఉద్దేశం. పిప్పి తొలిదశ తెల్లమచ్చల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. ఎంఐహెచ్‌లో మాత్రం రెజిన్ ఒకచోట లోతుగా, మరోచోట పైపైనే దిగుతుంది.

నేటి ఆచరణ

అంచు ఎక్కడ ఆపాలన్న దానిపై రెండు పద్ధతులున్నాయి. రంగు మారిన ఎనామిల్ అంతా తీసేసి ఆరోగ్యమైన ఎనామిల్‌పై అంచు నిలపడం ఒకటి. ఫిల్లింగ్ బాగా నిలుస్తుంది కానీ పన్ను ఎక్కువ పోతుంది. బర్‌కు గట్టిగా తగిలేదాకా మెత్తటి భాగాన్నే తీయడం రెండోది. పన్ను మిగులుతుంది, అంచు పెచ్చులూడే ప్రమాదమూ మిగులుతుంది. ఎదిగే పిల్లల్లో దవడ పన్ను బాగా దెబ్బతింటే స్టీలు తొడుగు వేయడమే మంచిది.

ఫ్లోరైడ్ నీటి ప్రాంతంలో పుట్టి పెరిగినవారు, నగరానికో విదేశానికో వెళ్లి స్థిరపడినా, ఫిల్లింగ్ చేయించుకునే ముందు తమ బాల్యం ఏ ఊళ్లో, ఏ నీటితో గడిచిందో డెంటిస్టుకు చెప్పాలి. ఆమ్లం ఎంతసేపు పెట్టాలో, పై పొర అరగదీయాలో వద్దో తేల్చుకోవడానికి ఆ ఒక్క సమాచారం ఆయనకు చాలా పనికివస్తుంది.