కెంపు రంగులోని పురుగు

యెషయా 1:18లో పాపమును కెంపుతో పోల్చిన మాట నీవెరుగుదువు. మన భాషలో కెంపనగా రత్నము. హెబ్రీలో అచ్చట నున్నది ‘తోలా’, అనగా పురుగు!

ఇంగ్లీషువారు ఆ రంగును క్రిమ్సన్ అందురు. అది వారి సొంత మాట కాదు. అరబ్బీ ‘కిర్మిజ్’ నుండి వచ్చి 15వ శతాబ్దమున ఇంగ్లండు చేరినది. ఇంకను వెనుకకు పోయినచో అది మనమెరిగిన ‘క్రిమి’కి చుట్టమని పండితులందురు.

మధ్యధరా సముద్రపు దేశములలో ఒక జాతి సింధూర వృక్షముపై ఈ పురుగు బ్రతుకును. మన లక్క పురుగు వంటిదే. ఆడపురుగు కొమ్మను కరచుకొని, కదలక, గింజవలె ఉబ్బును. దానిని గీకి, ఎండబెట్టి, నూరి ఉన్నికి రంగు వేసెడివారు. గ్రీకులు దానిని గింజ యనుకొని ‘కొక్కొస్’ అనిరి. మత్తయి 27:28లో సైనికులు మన ప్రభువునకు తొడిగిన ఎఱ్ఱని అంగీ రంగు పేరు ఆ మాటనుండి పుట్టినదే. స్పెయినువారు 1521లో మెక్సికోను జయించిన పిమ్మట అచ్చటి కొచినీల్ ఈ రంగును వెనుకకు నెట్టెను. అదియు పురుగే సుమా.

ఇక 22వ కీర్తన 6వ వచనము తెరచి చూడుము. మనుష్యులచేత తృణీకరింపబడినవాడు తన్ను పురుగని చెప్పుకొనుచున్నాడు. అచ్చటను మాట తోలాయే. ఈ రంగు ఉన్నికి పట్టినయెడల ఉతికినను వదలదని ఆనాటి అద్దకపువారికి తెలియును. ప్రవక్త తెల్లనగునని చెప్పినది ఆ ఉన్నినే.