మెరీనా: ‘సుందరీకరణ’ అనే మాట చరిత్ర

సుందరీకరణ అనే మాటను ఎవరు పుట్టించారో గాని, అది కవుల నోట పుట్టిన మాట కాదు. పట్టణాభివృద్ధి సంస్థల ఫైళ్ళలో పుట్టి పత్రికల్లోకి, అక్కడినుంచి మన వాడుకలోకి వచ్చింది. అందం అంటే ఒక గుణం. సుందరీకరణ ఒక పని. పని ఉన్నచోట చేసేవాడుంటాడు, చేయించుకునేవాడుంటాడు, దానికి బలయ్యేవాడూ ఉంటాడు. వర్గాతీతమైన సౌందర్యం ఉందా లేదా అని మనం సాహిత్యసభల్లో చాలాకాలం వాదులాడుకున్నాం. ఆ చర్చలో నేనూ పాల్గొన్నాను, ఇప్పుడు తిరిగి తోడదలచుకోలేదు. పుస్తకాల్లో తేలని ఆ తగువు ఒక సముద్రపు ఒడ్డున ఎలా నడిచిందో చూడదలచుకున్నాను. ఆ ఒడ్డు మద్రాసు మెరీనా.

మద్రాసే ఎందుకంటే, 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం విడిపోయేదాకా అది మనకూ రాజధాని. ఆ తర్వాత కూడా పత్రికలు, అచ్చుయంత్రాలు, సినిమా కంపెనీలు అక్కడే ఉండబట్టి శ్రీశ్రీ, కొడవటిగంటి కుటుంబరావు, ఆరుద్ర వంటివారు ఏళ్ళ తరబడి అక్కడే బతికారు. మన రచయితల్లో చాలామందికి ‘బీచి’ అంటే సాయంకాలపు నడక. ఆ ఇసుక మీద తెల్లవారుజామున ఏం జరుగుతుందో మన సాహిత్యంలో వెతికితే దొరికేది తక్కువ.

ముందుగా ఆ ఇసుక సంగతి. మెరీనాను ప్రకృతి వరమని పర్యాటక శాఖవారు చెబుతుంటారు. ఇప్పుడు మనం చూసే విశాలమైన ఇసుకమేట చాలావరకు హార్బరు పుట్టించినది. ఆ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి నడిపిస్తుంటాయి. 1875 ప్రాంతాల హార్బరు పని మొదలుపెట్టి సముద్రంలోకి రాతిగోడలు కట్టాక ఆ నడకకు అడ్డుపడింది. గోడకు దక్షిణాన ఇసుక మేటవేసింది. ఉత్తరాన, రాయపురం, తిరువొత్తియూరు వైపున, రావలసిన ఇసుక రాక కెరటాలు ఒడ్డును కొరికాయి. దక్షిణాన షికారుకు చోటిచ్చిన ఆ గోడే ఉత్తరాన కుప్పాల కాళ్ళకింద నేలను లాగేసింది. కుప్పం అంటే అక్కడ చేపలు పట్టేవారి పల్లె, మన జాలరిపేటలాంటిది. లాభం ఒకచోట, నష్టం ఒకచోట పడడం ఈ తీరం చరిత్రలో అదే మొదలు, చివర మాత్రం కాదు.

హార్బరుకు ముందు ఆ ఊరికి ఓడరేవే లేదన్న సంగతి మనం మరచిపోతాం. 1639లో ఈస్టిండియా కంపెనీ అక్కడ చోటు సంపాదించిన నాటినుంచి రెండు వందల ఏళ్ళకు పైగా ఓడలు దూరాన లంగరు వేసుకుని నిలిచేవి. బట్టల మూటలు, వెండి పెట్టెలు, సిపాయిలు, దొరసానులు, అందరూ అన్నీ మసూలా పడవల మీద, కట్టుమరాల మీద కెరటాలు దాటి ఒడ్డు చేరవలసిందే. మేకులు కొట్టకుండా పలకలను తాళ్ళతో కుట్టిన పడవ అది. కెరటం కొడితే విరగకుండా వంగుతుంది. ఆ పడవ నడపడం దొరలకు చేతకాదు, కుప్పాలవారికే చేతనవును. ఒక మహానగరపు వ్యాపారమంతా వారి భుజాల మీదుగా దిగింది. హార్బరు వచ్చాక ఆ అవసరం తీరింది. అవసరం తీరినవారు మొదట చూడముచ్చటైన దృశ్యమయ్యారు, తర్వాత చూపుకు అడ్డమయ్యారు. ఈ మార్పును గమనించకుండా మెరీనా ప్రణాళికల చరిత్ర రాస్తే అది గవర్నర్ల చరిత్ర అవుతుందంతే.

గవర్నర్ల చరిత్రా కొంత చెప్పుకోక తప్పదు. ఆర్కాటు నవాబులు 1768లో కట్టుకున్న చేపాక్కం భవనం, నవాబు బిరుదును 1855లో రద్దు చేశాక ప్రభుత్వం చేతికొచ్చింది. దాని పక్కనే చిషోమ్ అనే ఇంజనీరు ప్రెసిడెన్సీ కళాశాలను, తర్వాత విశ్వవిద్యాలయం సెనేట్ హవుసును లేపాడు. ఎదుట కొత్తగా మేటవేసిన ఇసుక. 1881 నుంచి 1886 దాకా గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ ఆ ఇసుక అంచున నడకబాట వేయించి, 1884లో దానికి మెరీనా అని పేరు పెట్టాడు. సిసిలీ దీవిలో తాను చూసిన తీరాల జ్ఞాపకంగా పెట్టానని ఆయనే రాసుకున్నాడు. తిరువల్లిక్కేణి, మైలాపూరు కుప్పాలు ఎదురుగా ఉండగా పేరు మధ్యధరా సముద్రంనుంచి వచ్చింది! పేరు పెట్టడం కూడా ఒక ప్రణాళికే. రోడ్డు మీద నిలబడి సముద్రాన్ని చూసేవాడి పేరది. సముద్రంలోంచి ఒడ్డును చూసి ఇల్లు గుర్తుపట్టేవాడికి ఆ పేరుతో పనిలేదు.

అయినా తీరం షికారుబాటగా మాత్రమే మిగిలిపోలేదు. అయోధ్యకుప్పంలో మత్స్యకార కుటుంబంలో పుట్టిన సింగారవేలు చెట్టియార్ న్యాయవాది అయి, కార్మికోద్యమంలోకి వచ్చి, 1923లో మన దేశంలో మొదటి మేడే జరిపాడు. ఆనాడు జరిగిన రెండు సభలూ సముద్రపు ఒడ్డునే జరిగాయి. ఒకటి హైకోర్టు ఎదుట, ఇంకొకటి తిరువల్లిక్కేణి బీచిలో. ఎర్రజెండా ఎగరడానికి మద్రాసులో హాలు దొరకలేదో, ఇసుక చాలుననుకున్నారో గాని, కుప్పంలో పుట్టినవాడికి ఒడ్డు పరాయిచోటు కాదన్నది స్పష్టం. 1930లో టంగుటూరి ప్రకాశం, దుర్గాబాయి మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం నడిపినప్పుడూ ఈ తీరమే రంగస్థలం.

స్వాతంత్ర్యం తర్వాత తీరానికి విగ్రహాలొచ్చాయి. 1959లో దేవీప్రసాద్ రాయ్‌చౌదురి చెక్కిన ‘శ్రమ విజయం’ నిలబెట్టారు. నలుగురు మనుషులు బండను కదిలిస్తున్న శిల్పం. కండరాల్లో ఒత్తిడి చూస్తే నిజమైన పని చూసిన శిల్పి చెక్కాడని తెలుస్తుంది. 1968 జనవరిలో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా తిరువళ్ళువరు, అవ్వయ్యారు, కంబరు, భారతి, పోపు, కాల్డ్వెల్ మొదలైనవారి విగ్రహాలు వరుసకట్టాయి. కవులకూ భాషావేత్తలకూ దక్కిన ఈ గౌరవం మీద నాకు ఫిర్యాదు లేదు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల వ్యాకరణం రాసి ఉండకపోతే మన భాషాచరిత్ర పాఠం ఇంకోలా ఉండేది. అయితే రచయితలుగా మనం గమనించవలసిన వింత ఒకటుంది. ఆ రోడ్డు మీద కంచు కార్మికులకు చోటుంది, విగ్రహాలైన కవులకు చోటుంది. ఎదురుగా ఇసుకమీద పనిచేస్తున్న కార్మికుడి చోటు మాత్రం ఎప్పటికప్పుడు వివాదం.

1985 చివర ఆ వివాదం రక్తందాకా వచ్చింది. ఎం.జి.ఆర్. ప్రభుత్వం బీచి సుందరీకరణ పేరుతో మెరీనా ఇసుకమీద ఉన్న కట్టుమరాలను, వలలను తొలగించడానికి పూనుకుంది. చేపల వాసన, ఆరేసిన వలలు సందర్శకులకు ఇబ్బందిగా ఉన్నాయన్నది వాదం. తెరమీద పడవవాడి వేషం వేసి జనం గుండెల్లో చోటు సంపాదించిన నటుడి ప్రభుత్వమే పడవలను తీయించింది. కుప్పాలవారు ఎదురు తిరిగారు. డిసెంబరులో పోలీసులు కాల్పులు జరిపారు, మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసది. తీర్పు వచ్చి ఆరు నెలలైనా కాకుండానే మద్రాసులో ఈ కాల్పులు.

ఒడ్డున పడవను దూరంగా పెట్టుకుంటే ఏం పోయిందని చదువుకున్న మిత్రులు నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కట్టుమరం రేవులో కట్టే పడవ కాదు. వేట అయ్యాక ఇసుకమీదికి లాగి దుంగలు విప్పి ఆరబెట్టాలి, లేకపోతే నీరు తాగి బరువెక్కుతుంది. వలకు ఆరేసే మేర కావాలి, చిరుగులు వేసుకునే నీడ కావాలి. తీరంనుంచి లాగే పెద్దవలకైతే ఎడంగా నిలబడి రెండు తాళ్ళు పట్టుకుని లాగే మనుషులకు ఒడ్డు పొడుగునా అడ్డులేని ఇసుక కావాలి. మన ఉత్తరాంధ్రలో దాన్ని అలివి వల అంటారు. చేప ఒడ్డుకు చేరిన గంటలోనే వేలం నడవాలి, ఆడవాళ్ళు గంప ఎత్తాలి, ఎండ ఎక్కితే ధర దిగుతుంది. నీటి రంగు, గాలి వాటం చూసి వేటకు వెళ్ళాలా వద్దా తేల్చుకోవడానికి ఇంటి గుమ్మంనుంచి సముద్రం కనిపించాలి. ఇదంతా కలిసి ఒక కార్ఖానా. గోడలు లేవు గనుక ప్లాను గీసేవాడికి అది ఖాళీస్థలంగా కనిపిస్తుంది. రెవెన్యూ లెక్కల్లో దాని పేరు పోరంబోకు. పొలానికి పట్టా ఉంటుంది, మిల్లుకు లైసెన్సు ఉంటుంది, వల ఆరేసే ఇసుకకు ఏ కాగితమూ ఉండదు.

చట్టం బొత్తిగా ఏమీ చెయ్యలేదని అనను. తీరాన్ని నిర్మాణాలనుంచి కాపాడాలని 1981లో ఇందిరాగాంధీ ముఖ్యమంత్రులకు ఉత్తరం రాసింది. 1991 ఫిబ్రవరిలో తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన వచ్చి, పోటు గీతనుంచి 500 మీటర్ల మేర నిబంధనలు పెట్టింది. 2011 ప్రకటన మత్స్యకారులు ఉమ్మడిగా వాడుకునే చోట్లను పటంలో గుర్తించాలన్నది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. పటంలో ఉన్నదాన్ని తుడిచెయ్యాలంటే కనీసం కారణం చెప్పాలి.

2003లో మెరీనా దక్షిణపు కొసను మలేషియా సంస్థ సాయంతో తిరిగి నిర్మించే ప్రతిపాదన వచ్చి, వ్యతిరేకతతో ఆగిపోయింది. అదే ఏడాది సచివాలయం కోసం క్వీన్ మేరీస్ కళాశాలను కూల్చబోతే విద్యార్థినులు లోపలే బైఠాయించి నిలబెట్టుకున్నారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. తర్వాత భద్రత పేరుతో, తీరపు కుప్పాల కుటుంబాలు కొన్నిటిని దూరాన ఉన్న సెమ్మంజేరి, కణ్ణగి నగర్ వంటి కాలనీలకు పంపారు. మెరీనామీద కణ్ణగి విగ్రహాన్ని 2001 డిసెంబరులో తీసేస్తే తమిళనాడంతా గగ్గోలెత్తింది, 2006లో తిరిగి ప్రతిష్ఠించారు. కణ్ణగి ఒడ్డుకు తిరిగొచ్చింది. కణ్ణగి పేరున్న కాలనీకి వెళ్ళినవారి సంగతి ఏ సాహిత్యసభలోనూ తీర్మానం కాలేదు. 2017 జనవరిలో జల్లికట్టు ఆందోళనను పోలీసులు చెదరగొట్టినప్పుడు పారిపోయి వచ్చిన యువకులకు నడుకుప్పంవారు ఆశ్రయమిచ్చారు. వారి చేపల మార్కెటు తగలబడింది.

ఆ తర్వాతి ఘట్టం లూప్ రోడ్డుది. నొచ్చికుప్పం ముందునుంచి పోయే ఆ రోడ్డు పక్కన ఆడవాళ్ళు చేపలమ్ముకునే దుకాణాలు వాహనాలకు అడ్డమని మద్రాసు హైకోర్టు 2023 ఏప్రిల్‌లో తనంత తానే విచారణకు తీసుకుంది. కార్పొరేషను దుకాణాలు తీయించింది. ఆడవాళ్ళు రోడ్డుమీద బైఠాయించారు. కుప్పం ముందటి ఇసుకమీద రోడ్డు వేసి, ఆ రోడ్డుకు కుప్పమే అడ్డం వచ్చిందనడం విచిత్రమైన తర్కం. 2024 ఆగస్టులో అక్కడే కొత్త చేపల మార్కెటు తెరిచారు. కప్పు, నీరు, మురుగుకాలువ ఉన్న చోటు కావాలని అమ్మేవాళ్ళూ కోరుకున్నదే. దాన్ని చులకన చెయ్యను. అయితే మార్కెటు కట్టడం ఒకటి, ఒడ్డు అంతా ఎవరి పనిచోటో ఒప్పుకోవడం మరొకటి.

ఇది తమిళుల గొడవ అని అనుకునేవారు విశాఖపట్నం చూడాలి. అక్కడ 1933లో హార్బరు తెరిచారు, 1970ల్లో బాహ్య హార్బరు కట్టారు. మద్రాసులో షికారు తీరం హార్బరుకు దక్షిణాన ఉంటే, విశాఖలో రామకృష్ణా బీచి ఉత్తరాన ఉంది. కాబట్టి రాయపురానికి పట్టిన గతే ఇక్కడ షికారు తీరానికి పట్టింది. పోర్టు దగ్గర పోగైన ఇసుకను తవ్వి బీచికి తిరిగి పోయవలసి వస్తున్నది. కురుసుర జలాంతర్గామి, యుద్ధవిమానం మ్యూజియంలు ఉన్న రోడ్డును కాపాడాలి గనుక అక్కడికి ఇసుక చేరుతుంది. అదే రోడ్డున ముందుకు పోతే పెద జాలరిపేట. రిషికొండ బీచికి 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ వచ్చింది. ఆ గుర్తింపుకు నీటి శుభ్రతకూ స్నానానికొచ్చేవారి సౌకర్యానికీ కొలతలున్నాయి. తెప్ప లాగే చోటుకు కొలత లేదు.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వచ్చినప్పుడు, రైతు నోట్లోని ఒక్కో మాట వెనుక ఒక్కో పనిముట్టు, ఒక్కో హక్కు ఉన్నాయని మనకు తెలిసివచ్చింది. సాహిత్య విద్యార్థులు భీమిలినుంచి విశాఖ హార్బరుదాకా ఒడ్డున అలాంటి సేకరణ చెయ్యవచ్చు. పడవ లాగే జాగాను, వల ఆరేసే జాగాను, వేలం వేసే జాగాను జాలరులు, వాడబలిజలు ఏమేమంటారో, అవి ఒక పేటనుంచి ఇంకో పేటకు ఎక్కడ మారతాయో రాసుకోవాలి. తీరప్రాంత పటాలు తయారుచేసేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న నిబంధన ఉంది. ఆ సభలకు ఈ మాటల జాబితా పట్టుకుని పోవచ్చు.