సైరన్, సద్ది, బిస్కెట్: గోదావరిఖని పొద్దుటి తిండి కథ

ఇయ్యాల ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పొద్దున టిఫిన్ బదులు బిస్కెట్లు తినొచ్చా? దుకాణంలో కొన్నవి కాదు, ఇంట్లో జొన్నపిండితోనో రాగిపిండితోనో చేసుకున్నవి. ఫోన్ తెరిస్తే చాలు, "మైదా లేదు, చక్కెర లేదు, ఓవెన్ కూడా అక్కర్లేదు" అనుకుంటూ రోజుకో వీడియో వస్తుంది. మా గోదావరిఖనిలో కూడా ఈ మధ్య చాలా ఇళ్లల్లో ఈ కుకీల డబ్బా కనిపిస్తోంది.

తినొచ్చా లేదా అన్నది చివర్లో లెక్కేసి చెప్తా. దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు మన బొగ్గుబాయిల ఊర్లల్లో బిస్కెట్ పొద్దుటి తిండి ఎట్లయింది? నేను వెతికితే ఆ జవాబు వంటింట్లో దొరకలేదు, గడియారంలో దొరికింది.

పొద్దు పోయి సైరన్ వచ్చింది

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించారు. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న ఆ కంపెనీ సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. మనం ఏటా డిసెంబర్ 23న సింగరేణి డే చేసుకునేది అందుకే. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ షేర్లు కొనేసింది. ఇప్పుడైతే రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. బాయిలు ఇల్లందు నుంచి బెల్లంపల్లి, కొత్తగూడెం పోయి, 1960 దశకంలో మన రామగుండం దిక్కు వచ్చాయి. గోదావరి ఒడ్డున ఖని, అందుకే గోదావరిఖని. పేరులోనే కథంతా ఉంది.

ఈ బాయిల్లోకి వచ్చినవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల రైతులు, కూలీలు. పల్లెలో మనిషి పొద్దు చూసి తింటాడు. తెల్లారి చేనుకు పోయి కొంత పని చేశాక, పొద్దెక్కినంక సద్ది విప్పుతాడు. ఆకలైనప్పుడు చెట్టు కింద కూసునే స్వేచ్ఛ ఉంటుంది.

బాయిలో అట్ల కుదరదు. ఫస్ట్ షిఫ్టు పొద్దున 7 గంటలకు. అంతకంటే ముందే అక్కడికి చేరాలి, మస్టర్ పడాలి, ల్యాంప్ రూమ్‌లో దీపం తీసుకోవాలి, దిగాలి, లోపల పని జాగా దాకా నడవాలి. అంటే ఇంట్లో 5, 5:30కే ఏదన్నా కడుపులో పడాలి. పైగా షిఫ్టులు మారుతుంటాయి. ఒకసారి పొద్దున 7, ఇంకోసారి మధ్యాహ్నం 3, మరోసారి రాత్రి 11. 1952 మైన్స్ యాక్ట్ భూగర్భంలో పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించొద్దని చెప్పింది. కానీ ఆ 8 గంటలకు కడుపును సిద్ధం చేసే టైమ్ ఏ చట్టం లెక్కలోనూ లేదు. అది ఇంటి లెక్క. ఇంకా చెప్పాలంటే ఇంట్ల ఆడవాళ్ల లెక్క.

చుట్టూ బొగ్గే, నిప్పు మాత్రం లేదు

అండర్‌గ్రౌండ్‌లో అగ్గిపెట్టె, బీడీ, లైటర్ నిషేధం. బొగ్గు పొరల్లో మీథేన్ వాయువు ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. అందుకే దిగేముందు జేబులు తడుముతారు. ఇప్పుడు ఆలోచించండి. మనిషి చుట్టూ వేల టన్నుల బొగ్గు ఉంది, కానీ కారియర్‌లో అన్నం వేడి చేసుకునే నిప్పు లేదు! పైన క్యాంటీన్ ఉన్నా, షిఫ్టు మధ్యలో ఆకలైతే పైకి వచ్చి తిని పోవడం అయ్యేపని కాదు.

కాబట్టి బాయిలోకి పోయే తిండికి మూడు గుణాలు కావాలి. చల్లగా తిన్నా బాగుండాలి, గంటలు గడిచినా పాడవొద్దు, ఒక్క చేత్తో తినేటట్టు ఉండాలి. ఈ మూడూ ఉన్న తిండి తెలంగాణలో అప్పటికే ఉంది, జొన్నరొట్టె. గట్క తాగితే కడుపు నిండుతుంది గానీ మోసుకుపోలేం. రొట్టె అట్ల కాదు. గుడ్డలో చుట్టి, ఉల్లిగడ్డ, ఇంత కారం పెడితే సద్ది తయారు.

ఈ మూడు గుణాలు గుర్తుపెట్టుకోండి. బిస్కెట్‌కు కూడా ఇవే ఉన్నాయి.

బిస్కెట్ కూడా సద్దే

బిస్కెట్ అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం "రెండుసార్లు కాల్చింది". రెండోసారి కాల్చేది రుచి కోసం కాదు, తడి పోవడానికి. తడి లేకపోతే బూజు పట్టదు. ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులు, యుద్ధాలకు పోయే సైనికులు తిన్నది ఆ గట్టి బిస్కెట్లే. అంటే బిస్కెట్ పుట్టుకే పనివాళ్ల సద్ది. కుకీ అనే మాట డచ్ భాషది, చిన్న కేకు అని అర్థం. అది పండుగ రకం, వెన్న, చక్కెర ఎక్కువ. మనం ఇప్పుడు రెండు మాటలూ కలిపేశాం గానీ, ఈ తేడాతో తర్వాత పని ఉంది.

మన దేశంలో బ్రిటానియా 1892లో కలకత్తాలో 295 రూపాయల పెట్టుబడితో మొదలైంది. బొంబాయిలో పార్లే 1929లో పుట్టి, 1939లో గ్లూకోజ్ బిస్కెట్ తయారీ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ పక్కన ఉస్మానియా బిస్కెట్ చేరింది, ఆ పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టారు. రాజుల పేర్లు, నగరాల పేర్లు ఉన్న బిస్కెట్లు పట్నంలో ఉంటే, బొగ్గుబాయిల దాకా వచ్చింది మాత్రం చౌక గ్లూకోజ్ ప్యాకెట్టు.

ఎందుకొచ్చింది? ఒక కారణం పొయ్యి. కార్మికుల ఇళ్లల్లో ఏండ్ల తరబడి బొగ్గుల పొయ్యి నడిచింది. బొగ్గుకు కరువు లేదు, కానీ అది అంటుకోవాలి, పొగ పోవాలి, ఎర్రగా కావాలి. తెల్లారగట్ల అంత ఓపిక ఎవరికుంటుంది? చిన్న స్టవ్వు మీద చాయ్ మరిగించి, ప్యాకెట్ చింపితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

రెండో కారణం పొలంలో ఉంది. 1963లో నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. తర్వాత కాలువ నీళ్లు కరీంనగర్ పల్లెలకు వచ్చాయి, జొన్న, మక్క చేన్ల జాగాలో వరి వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 2 రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. అది పేదోడి కడుపు నింపిన పథకం, అందులో అనుమానం లేదు. కానీ బియ్యం వచ్చినంక ఇంట్లో జొన్నరొట్టె తట్టే చెయ్యి కూడా నెమ్మదిగా ఆగిపోయింది. పొద్దుటిపూట పొడిగా, చప్పున తినే తిండి జాగా ఖాళీ అయింది. ఆ ఖాళీలో బిస్కెట్ కూసుంది. అంతే కథ.

"ఆరోగ్య" బిస్కెట్ కొత్తదేం కాదు

హెల్దీ బిస్కెట్ అనేది మన కాలపు ఫ్యాషన్ అనుకుంటున్నారా? కాదు. డైజెస్టివ్ బిస్కెట్ 19వ శతాబ్దపు బ్రిటన్‌ది. అందులో వేసే సోడా అరుగుదలకు మంచిదని అప్పట్లో నమ్మారు, అందుకే ఆ పేరు. మన గ్లూకోజ్ బిస్కెట్ కూడా అదే దారి, పేరులోనే బలం అమ్మింది. అంటే పేరు మందు లాగ ఉంటుంది, లోపల మైదా, చక్కెర, నూనె ఉంటాయి.

ఆ నూనె సంగతి కూడా వినండి. 1937లో డాల్డా వచ్చినప్పటి నుంచి వనస్పతి మన బేకరీల్లోకి చొరబడింది. నూనెను గడ్డకట్టించే ఆ పద్ధతిలో ట్రాన్స్ ఫ్యాట్లు పుడతాయి, అవి గుండెకు చెడ్డవి. చివరికి 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం అమల్లోకి వచ్చింది. చూడండి, 1937 నుంచి 2022, ఎన్ని తరాలో!

ఇది మన ఊరికి ఎందుకు ముఖ్యం అంటే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు టైప్ 2 షుగర్ ముప్పు కొంత ఎక్కువని చాలా దేశాల పరిశోధనలు చూపించాయి. రాత్రి మేల్కోవడం, వేళ తప్పి తినడం శరీరం లెక్కను చెడగొడతాయి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. మా గల్లీలో నైట్ షిఫ్టు దిగి వచ్చి, చాయ్‌లో నాలుగు బిస్కెట్లు ముంచి తిని పడుకునే బాపులు, కాకలు ఎంతమందో. ఇది రీల్స్ ముచ్చట కాదు, ఇంటి పెద్దల ముచ్చట.

ఇప్పుడు లెక్క చేద్దాం

ఇంట్లో కుకీ ఎట్ల చేస్తున్నారు? జొన్నపిండి లేదా రాగిపిండి, రాగులను మన దిక్కు తైదలు అంటాం గదా, దాంట్లో కొంచెం గోధుమపిండి కలుపుతారు. ఎందుకంటే జొన్నలో, రాగిలో గ్లూటెన్ ఉండదు, గోధుమ లేకపోతే బిస్కెట్ చేతిలోనే పొడి అయితది. బెల్లం తురుము, నెయ్యి, కొంచెం పాలు, యాలకులు. ఓవెన్ లేదా? ప్రెషర్ కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, పది నిమిషాలు వేడిచేసి, స్టాండు మీద పళ్లెం పెట్టి, సన్న మంట మీద ఇరవై ఇరవై ఐదు నిమిషాలు.

150 గ్రాముల పిండి, 75 గ్రాముల నెయ్యి, 75 గ్రాముల బెల్లంతో 20 బిస్కెట్లు అయితాయి అనుకుందాం. నేను కూసుని లెక్కేస్తే ఒక్కో దానికి దాదాపు 70 కేలరీలు, మూడున్నర గ్రాముల చక్కెర వచ్చింది. అవును, బెల్లం కూడా చక్కెరే, రంగు మాత్రమే వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మంచి హద్దు రోజుకు సుమారు 25 గ్రాములు. అంటే ఏడు కుకీలు తింటే ఆ రోజు కోటా అయిపోయినట్టే, చాయ్‌లో చక్కెర ఇంకా లెక్కబెట్టలేదు!

మరి లాభం లేదా? ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో దాదాపు 10 గ్రాముల పీచు ఉంటే, మైదాలో 3 గ్రాముల లోపే. 100 గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం. వనస్పతి లేదు, ఎంత తీపి వెయ్యాలో మన చేతిలో ఉంది. బెల్లం సగం చేసి, పల్లీల పొడి కలిపితే ఇంకా మంచిది. నా మాట ఏందంటే, రెండు మూడు కుకీలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు లేదా గుప్పెడు నానబెట్టిన పెసలు, చక్కెర తక్కువ చాయ్. ఇది టిఫిన్. ఎనిమిది కుకీలు, రెండు చెంచాల చక్కెర చాయ్ అయితే, అది టిఫిన్ కాదు, తీపి పలారం. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే డాక్టర్‌ను అడిగినంకనే.

మలీద మర్చిపోయామా?

ఇంకో ముచ్చట. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు చేస్తాం గదా. రొట్టె, బెల్లం, నెయ్యి. ఇప్పుడు పైన చెప్పిన కుకీ సామాను చూడండి, పిండి, బెల్లం, నెయ్యి. అదే సామాను, తడి తీసి గుండ్రంగా కాల్చాం, అంతే తేడా! మలీద పండుగకు చేసుకునేది, ఏడాదికోసారి. దాన్ని రోజూ టిఫిన్ చేస్తే పండుగ తిండిని పని తిండిగా మార్చినట్టు. కుకీకి, బిస్కెట్‌కు తేడా చెప్పానే, అది ఇక్కడికే వస్తుంది. మనకు రోజూ కావాల్సింది కుకీ కాదు, తీపి తక్కువ, పీచు ఎక్కువ ఉన్న బిస్కెట్. అంటే తిరిగి ఆ జొన్నరొట్టెకు దగ్గరగా ఉన్నది.

ఆఖరి మాట, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలే. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. చాలా మారింది. కానీ ఫస్ట్ షిఫ్టు ఉన్న ఇంట్లో 4:30కు లేచే మనిషి మాత్రం మారలేదు. ఒకప్పుడు బొగ్గుల పొయ్యి రాజేసింది ఆమెనే, రొట్టె తట్టింది ఆమెనే. ప్యాకెట్ బిస్కెట్ ఆమెకు ఇచ్చింది అరగంట నిద్ర. ఆ అరగంటను మనం తక్కువ చేసి మాట్లాడొద్దు. ఇప్పుడు "ప్యాకెట్ వద్దు, ఇంట్లోవే ఆరోగ్యం" అని మనం అంటే, ఆ కుక్కర్ ముందు నిలబడేది ఎవరో కూడా చెప్పాలి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, పిండి కలపడం రాకెట్ సైన్సేం కాదు. ఆదివారం సాయంత్రం ఫోన్ పక్కనబెట్టి ఒక గంట కేటాయిస్తే వారానికి సరిపడా బిస్కెట్లు అయితాయి. డబ్బా నింపండి, అమ్మ నిద్ర అమ్మకు ఉండనియ్యండి. మీ బాపు షిఫ్టుకు పోతూ రెండు జేబులో ఏసుకుంటే, ఆయన పోతున్నది నూరేళ్ల పాత సద్దితోనే.

మీ ఇంట్లో షిఫ్టు రోజు పొద్దున ఏం తినేవాళ్లో తాతనో, అమ్మమ్మనో ఒకసారి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!