రాగాన్ని అచ్చువేసిన తెలుగు పుస్తకం

పోయిన బతుకమ్మ పండుగకు ముందు నేను ఒక పని మొదలుపెట్టాను. మా నానమ్మ పాడే పాటలు ఒక నోటుబుక్కులో రాశాను. మొత్తం పదకొండు పాటలు. నానమ్మ కరీంనగర్ వైపు నుంచి పెళ్ళయ్యాక భివండీకి వచ్చింది. ఆమెకు చదువు రాదు, పాటలన్నీ నోటికే వచ్చు. రాసినవి చదివి వినిపిస్తే అంతా విని, "మాటలు సరిగనే ఉన్నయి బిడ్డా, గని రాగం ఏడ రాసినవ్?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మరునాడు బడిలో తెలుగు టీచర్‌ను అడిగాను. ఆమె నవ్వి, "ఇదే ప్రశ్నకు ఒక పెద్దాయన పుస్తకంతో జవాబు చెప్పాడు" అంటూ ఫోనులో కొన్ని పాత పేజీలు చూపించారు. ఆ పుస్తకం పేరు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. రాసింది సుబ్బరామ దీక్షితులు. 1904లో అచ్చయింది. ఈ వ్యాసం ఆ పుస్తకం గురించే.

సుబ్బరామ దీక్షితులు 1839లో పుట్టారు. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు. ఆయన కూతురి కొడుకే సుబ్బరామ దీక్షితులు. తాతే మనవడిని దత్తత తీసుకుని పెంచి, సంగీతం నేర్పారు. తమిళ దేశంలోని ఎట్టయపురం జమీందారు ఆస్థానంలో వాళ్ళు విద్వాంసులు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది కూడా ఆ ఊళ్ళోనే.

ఆ కాలంలో సంగీతం గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరేది. గురువు పోతే, శిష్యుడు మరిచిపోతే, ఆ పాట కూడా పోయినట్టే. ఈ సంగతి చూసి చాలా బాధపడిన మనిషి చిన్నస్వామి మొదలియార్. ఆయన మద్రాసు ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి, క్రైస్తవుడు. మన పాటలను యూరప్ వాళ్ళ స్వర లిపిలో రాసి 1893 నుంచి భాగాలుగా అచ్చువేయించారు. దానికోసం సొంత డబ్బు ఖర్చుపెట్టారు. పాటల సరైన రూపం కోసం దీక్షితుల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. పని పూర్తికాకముందే ఆయన ఆరోగ్యం, కంటిచూపు దెబ్బతిన్నాయి. అప్పుడు 1899లో ఎట్టయపురం రాజాగారిని కలిసి, దీక్షితులకు తెలిసినదంతా పుస్తకంగా రావాలని కోరారు. రాజాగారు ఒప్పుకున్నారు. కానీ ఆ పుస్తకం చూడకుండానే మొదలియార్ చనిపోయారు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ అనిపించింది.

ఇక అసలు కష్టం అచ్చు దగ్గర వచ్చింది. స రి గ మ ప ద ని అనే ఏడక్షరాలు ఏ ప్రెస్సులో అయినా ఉంటాయి. దీక్షితులకంటే ముందే మద్రాసులో స్వరాలతో తెలుగు పుస్తకాలు వచ్చాయి కూడా. కానీ మన సంగీతంలో స్వరం ఊరికే నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, నొక్కి పలుకుతుంది. వీటినే గమకాలు అంటారు. ప్రతి గమకానికీ దీక్షితులు ఒక గుర్తు పెట్టారు. ఊగే కంపితానికి అలల గీత. కింద నుంచి పైకి జారే ఏట్రజారుకు పైకి వాలిన గీత, పై నుంచి కిందికి జారే ఇరక్కజారుకు కిందికి వాలిన గీత. స్వరం పైస్థాయిదో కిందిస్థాయిదో చెప్పడానికి చుక్క. వేగం చెప్పడానికి అక్షరం మీద అడ్డగీతలు.

ఈ గుర్తులు మామూలు ప్రెస్సులో దొరకవు. వాటికోసం ప్రత్యేకంగా సీసపు అచ్చులు తయారుచేయించారు. ఎట్టయపురంలోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో పని జరిగింది. అచ్చు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. ఒక్కో అక్షరం ఏరి, దాని మీద సరైన గుర్తు పెట్టి, వరుస కట్టాలి. ఒక్క గుర్తు తారుమారైతే పాటే మారిపోతుంది. అలా రెండు సంపుటాలు, దాదాపు 1700 పేజీలు! అందులో 72 మేళకర్త రాగాల వివరాలు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా, పాత విద్వాంసుల జీవిత చరిత్రలు ఉన్నాయి.

ఇలాంటి కష్టం మనకే కాదు. 1501లో వెనిస్‌లో పెట్రూచి అనే ఆయన సంగీతం అచ్చువేసినప్పుడు ఒకే కాగితాన్ని ఒకటి కంటే ఎక్కువసార్లు యంత్రంలో పెట్టాల్సి వచ్చేది. గీతలు ఒకసారి, స్వరాలు ఇంకోసారి. తర్వాత స్వరం, దాని కింది గీతల ముక్క కలిపి ఒకే అచ్చుగా పోతపోశారు. 1588లో లండన్‌లో థామస్ ఈస్ట్, విలియం బర్డ్ పాటలను అలాగే అచ్చువేశాడు.

ఇదంతా బాపుకు చెప్పాను. బాపు ఇదివరకు జకార్డు సాంచాల మీద పనిచేశాడు. "గిది మా అట్టల లెక్కనే ఉంది" అన్నాడు. అట్టలో రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. పువ్వు ఎప్పుడూ చూడని వాడు కూడా అట్ట పెట్టి ఆ పువ్వు నేయగలడు. దీక్షితుల గుర్తులూ అంతే అనిపించింది.

నాకు ఇంకో విషయం గొప్పగా తోచింది. దీక్షితులది తమిళ దేశం, అచ్చయింది తమిళ దేశంలో. అయినా పుస్తకం తెలుగులో ఉంది. అప్పుడు దక్షిణాదిలో సంగీతానికి తెలుగే భాష. 1961 నుంచి మద్రాసు మ్యూజిక్ అకాడమీ దాన్ని తమిళ లిపిలోకి మార్చి ప్రచురించింది. మన మాన్కోలిలో కొందరు "మహారాష్ట్రలో ఉండి తెలుగు మీడియం ఎందుకు?" అని మా అమ్మను అడుగుతారు. ఇన్నాళ్ళూ నేను తల వంచుకునేదాన్ని. ఇప్పుడు ఈ పుస్తకం పేరు చెప్తున్నాను.

పాటలు ఫోనులో రికార్డు చేస్తే చాలదా అని మీరు అడగవచ్చు. నేనూ చేశాను. బాపు ఫోను పాడైనప్పుడు అవన్నీ పోయాయి. నోటుబుక్కు మాత్రం ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం నానమ్మ పాడుతుంటే మాటల మీద గుర్తులు పెడుతున్నాను. గొంతు పైకి జారితే పైకి వాలిన గీత, ఊగితే అలల గీత. నాకు సంగీతం రాదు కాబట్టి తప్పులు ఉంటాయి. నెల రోజుల్లో ఒక్క పాట పూర్తయింది. దాన్ని గుర్తులు చూస్తూ పాడితే నానమ్మ రెండుచోట్ల ఆపి సరిచేసింది, మూడోసారి ఆపలేదు.

ఇంకా పది పాటలున్నాయి. నానమ్మకు డెబ్బై ఏళ్ళు దాటాయి. దీక్షితులు పుస్తకం వచ్చిన రెండేళ్ళకే, 1906లో కన్నుమూశారు. ఆ రెండేళ్ళు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మీ ఇంట్లో పాటలు పాడే నానమ్మో అమ్మమ్మో ఉంటే, దయచేసి ఈ దీపావళి సెలవుల్లోనే నోటుబుక్కు తీయండి.