రాజు పేరు మీద పుట్టిన ‘చెక్’

‘అవినీతికి చెక్’, ‘దోమలకు చెక్’, ‘ప్రత్యర్థి ఎత్తుకు చెక్’. తెలుగు పత్రికల శీర్షికల్లో ఈ మాట కనపడని రోజు అరుదు. బ్యాంకులో రాసిచ్చేది చెక్కు. సరిహద్దులో లారీలను నిలిపేది చెక్‌పోస్టు. ఆస్పత్రిలో చేయించుకునేది చెకప్. గళ్ల చొక్కా అయితే చెక్స్ చొక్కా. ఆపడం, సరిచూడడం, డబ్బు, గళ్లు: పైకి ఏ చుట్టరికమూ లేని ఈ అర్థాలన్నీ ఒకే మాట సంతానం. పారశీకంలో రాజును పిలిచే ‘షా’ ఆ మాట.

రథ గజ తురగ పదాతులనే నాలుగంగాల సేనను బల్ల మీదికి దింపిన చతురంగం మన దేశంలో పుట్టింది. ఆరో శతాబ్దం ప్రాంతంలో పారశీకానికి చేరి ‘చత్రంగ్’ అయింది, అరబ్బుల నోట ‘షత్రంజ్’ అయింది. ఎదుటివాడి రాజు మీద దాడికి దిగినప్పుడు పారశీకులు ‘షా’ అని హెచ్చరించేవారు. రాజుకు ఇక దారి లేకపోతే ‘షా మాత్’. ఇంగ్లీషు ‘చెక్‌మేట్’ ఇదే. అరబ్బీలో ‘మాత’ అంటే చనిపోయాడని అర్థం గనుక ‘రాజు చచ్చాడు’ అని చాలామంది వివరిస్తారు. పారశీకంలో ‘మాత్’ అంటే దిక్కు తోచనివాడు. నాకు ఈ రెండోదే సబబనిపిస్తుంది. చదరంగంలో రాజును చంపరు, ఎటూ కదలనివ్వరు. మన ‘ఆటకట్టు’లో ఉన్నదీ ఆ భావమే.

ఆట ఐరోపా చేరాక ‘షా’ లాటిన్‌లో ‘స్కాకస్’ అయింది, పాత ఫ్రెంచిలో ‘ఎస్చెక్’ అయింది. ఆ ఫ్రెంచి మాట ఏకవచనం ఇంగ్లీషులో ‘చెక్’గా, బహువచనం ‘చెస్’గా స్థిరపడ్డాయి. అంటే ఆట పేరూ, ఆటలో చేసే హెచ్చరికా ఒకే మాట.

అసలు విడ్డూరం ఆటలో కాదు, ఖజానాలో జరిగింది. చదరంగం బల్లను పాత ఫ్రెంచిలో ‘ఎస్చెకియే’ అనేవారు. పన్నెండో శతాబ్దం మొదట్లో, మొదటి హెన్రీ కాలంలో, ఇంగ్లండు రాజు ఆదాయ లెక్కలు గళ్లు గీసిన గుడ్డ పరిచిన బల్ల మీద తేల్చేవారు. బల్ల పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 5. రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు నరకం. అందుకని పౌన్లు, షిల్లింగులు, పెన్నీలకు వేర్వేరు వరుసలు పెట్టి, వాటిలో బిళ్లలు జరుపుతూ లెక్క కట్టేవారు. జిల్లాల నుంచి పన్ను తెచ్చిన షెరీఫ్ ఒకవైపు, కోశాధికారి మరోవైపు. ఆ కొలువులోనే పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర రాసిన గ్రంథంలో దీన్ని చదరంగపు పోరుతోనే పోల్చాడు. బల్ల పేరే శాఖకు అంటుకుని ‘ఎక్స్‌చెకర్’ అయింది. బ్రిటన్ ఆర్థికమంత్రి ఈనాటికీ ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’. చొక్కా మీది ‘చెక్స్’ కూడా ఈ గళ్ల బల్ల కుటుంబానిదే.

ఆ కొలువులో రసీదు అంటే గాట్లు పెట్టిన కర్ర. దాన్ని నిలువునా చీల్చి చెరొక ముక్కా ఉంచుకునేవారు. రెండు ముక్కలూ అతికితేనే లెక్క నిజం. 1826 దాకా ఈ పద్ధతి సాగింది. పోగుపడిన పాత కర్రలను 1834 అక్టోబరు 16న పార్లమెంటు పొయ్యిల్లో తగలబెట్టబోతే భవనానికే నిప్పంటుకుంది.

మాట మాత్రం బల్ల దగ్గరే ఆగలేదు. రాజుకు అడ్డు పడడం నుంచి దేనికైనా అడ్డు పడడం, అదుపు చేయడం వచ్చాయి. తప్పును అదుపు చేయాలంటే సరిచూడాలి గనుక ఆ అర్థమూ చేరింది. బ్యాంకు చెక్కు పుట్టుక ఇక్కడే. పద్దెనిమిదో శతాబ్దంలో ‘చెక్’ అంటే మోసానికి అడ్డుగా ఉంచుకునే అడుగు కాగితం (కౌంటర్‌ఫాయిల్). క్రమంగా ఆ పేరు చింపి ఇచ్చే కాగితానికే వచ్చింది. బ్రిటిష్‌వాళ్లు ఎక్స్‌చెకర్ వర్ణక్రమం చూసి దీనికి ‘క్యూ’ చేర్చారు. అమెరికన్లు పాత రూపాన్నే ఉంచుకున్నారు. హోటల్ బిల్లునూ అక్కడ చెక్ అనే అంటారు.

చెక్కు అరబ్బీ ‘సక్’ నుంచి వచ్చిందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ‘సక్’ అనే చెల్లింపు పత్రం అరబ్బు వర్తకుల్లో ఉన్నమాట నిజమే. కానీ అడుగు కాగితం దారి ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే, శబ్దం కలిసిందని ఆ చుట్టరికం కలపడం సరికాదు.

మన చెక్కులను నేటికీ నడిపిస్తున్నది 1881 నాటి చట్టం. మాట చరిత్రను మాత్రం ఏ చట్టమూ కాపాడదు. రచ్చబండల మీద చదరంగం ఆడిన పెద్దలు మీ ఊళ్లో ఉంటే, రాజు మీద దాడి చెప్పేటప్పుడు వాళ్లు ఏమనేవారో అడగండి. విన్నది విన్నట్టు రాసిపెట్టండి.